పచ్చ అంటే ఏ పచ్చ

ఆదివారం, మధ్యాహ్నం

చెల్లికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. ఉత్తరం అన్నాక ఈ మాటతో మొదలుపెట్టాలి కాబట్టి మొదలుపెట్టాను. ఎంతవరకు నమ్మాలో చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో. అక్కడ నువ్వు వేళకు తింటూ, వేళకు పడుకుంటూ, రోగుల మీద చూపే శ్రద్ధలో నాలుగోవంతైనా నీ మీద చూపించుకుంటున్నావని అనుకుంటాను.

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబుకి ఇన్ని రోజులా అని నువ్వు విసుక్కుంటూ ఉంటావు. ప్రెస్సు నుంచి వచ్చేసరికి ఒళ్లు హూనమైపోతోంది చెల్లీ. చేతులు ఒకసారి కిరసనాయిలుతో, ఇంకోసారి సబ్బుతో కడుక్కుని, గోళ్ల సందుల్లో మిగిలిన ఇంకు చూస్తూ కుర్చీలో కూలబడతాను. లేచి పొయ్యి వెలిగించడానికే అరగంట పడుతుంది. ఇక కలం పట్టుకునే ఓపిక ఎక్కడిది! ఇదంతా నిజమే గాని, అసలు కారణం ఇది కాదు. అది కూడా చెప్తాను.

నీ ఉత్తరంలో ప్రశ్నలు లెక్కపెట్టాను, తొమ్మిది ఉన్నాయి. మీ ఆస్పత్రిలో రోగిని చేర్చుకునేటప్పుడు కూడా ఇన్ని అడగరేమో. వరసగా చెప్పడానికి చూస్తాను. మోకాలి నొప్పి అలాగే ఉంది. నువ్వు పంపిన తైలం రోజూ రాస్తున్నాను. నొప్పి తగ్గలేదు గాని, ఘాటు మాత్రం మెట్లదాకా వెళ్తోంది. కింది వాటా ఆవిడ నిన్న ఆపి, "ఏం వండుతున్నారండీ?" అని అడిగింది. పైకప్పు కారడం ఆగింది. బాగుచేయించి కాదు, వాన ఆగి. మీ ఇల్లు శుభ్రంగానే ఉంది, మొన్న వెళ్లి చూశాను. నీ మొక్కలకు మీ ఆయన నీళ్లు పోస్తున్నాడు. పోయడం కాదు, ముంచుతున్నాడు. కిటికీ దగ్గరిది కుళ్లిపోయింది. నీకు చెప్పొద్దన్నాడు, చెప్పేశాను.

కళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లావా అని అడిగావు. వెళ్లాను. ఆ సంగతి తర్వాత.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న చివర్న, ఇరుకుగా, కాగితం అంచు వెంబడి రాశావు. ఆస్పత్రివాళ్లు ఇంకో రెండేళ్లు అక్కడే ఉండమంటున్నారనీ, నెలాఖరులోగా సంతకం పెట్టాలనీ, పెట్టమంటావా వద్దా చెప్పమనీ. ఆరు నెలల క్రితం ఇంటికి బదిలీ కావాలని అర్జీ పెట్టుకుని రోజులు లెక్కపెట్టుకుంటున్నదానివి. ఇప్పుడేమో ఇలా రాశావు: "పదిహేనేళ్లు చేసిన పనిలో ఒక్క చీటీ సరిగ్గా రాయలేని మనిషిని నమ్ముకుని వచ్చి నేనేం చెయ్యాలక్కా? ఆ పరధ్యానంతో నాకు విసుగొచ్చింది. ఏం జరిగిందని అడిగితే పని మారింది, బాగానే ఉంది అని రెండు ముక్కలు రాస్తాడు. తాగుతున్నాడా? నువ్వైనా నిజం చెప్పు."

నువ్వైనా నిజం చెప్పు అన్న చోట ఆగి, కాగితం మడిచి, బీరువా మీది డబ్బాలో పెట్టేశాను. మర్నాడు తీశాను, మళ్లీ పెట్టేశాను. ఈ పది రోజుల ఆలస్యానికి కారణం అదీ.

ముందు ఒకటి చెప్తాను, నీ మనసు కాస్త కుదుటపడుతుంది. తాగడం లేదు. టీ తప్ప ఏమీ తాగడు. అది కూడా పూర్తిగా చల్లారాక, మందు మింగినట్టు మింగుతాడు. ప్రెస్సులో అందరూ ఆయన్ని మునిగారు అంటారని నీకు తెలుసుగా. ఇప్పుడు ఆ పేరు ఇంకా బాగా సరిపోతోంది.

ఏం జరిగిందో చెప్పాలంటే పచ్చ అనే మాట దగ్గర మొదలుపెట్టాలి.

చిన్నప్పుడు పెరటి మెట్ల మీద మనం పెట్టిన రంగుల కొట్టు గుర్తుందా? డబ్బా మూతలు వరసగా పేర్చి, ఒకదాంట్లో ఇటుకపొడి, ఒకదాంట్లో బొగ్గు, ఒకదాంట్లో ఆకుల పసరు, ఒకదాంట్లో బీట్‌రూట్ తొక్కల నీళ్లు, చివరి మూతలో నాన్న పెన్నులోంచి దొంగతనంగా పిండిన నీలం సిరా. దేంట్లో ఏది కలిపినా చివరికి బురద రంగే వచ్చేది. నువ్వు దానికి రోజుకో పేరు పెట్టి కొత్త రంగని అమ్మేదానివి. కొనేదాన్ని నేనొక్కదాన్నే. అలాంటి ఒకరోజు అమ్మ కుట్టుపనిలో ఉండి లోపల్నుంచి, "పచ్చ దారం ఉండ పట్రండే" అని కేకేసింది. నువ్వు ఆకుపచ్చది పట్టుకెళ్లావు, నేను పసుపుది పట్టుకెళ్లాను. గుమ్మం దగ్గర జుట్లు పట్టుకున్నాం. పచ్చంటే ఆకు అని నువ్వు, పచ్చంటే పసుపు అని నేను. అమ్మ వచ్చి రెండు ఉండలూ లాక్కుని, "రెండూ పచ్చే, పోండి" అంది. తనకి ఏది కావాలో మాత్రం చెప్పలేదు. తెల్లదారంతో కుట్టేసుకుంది.

మన మాటే అంత. పచ్చని ఆకు అంటాం, పచ్చ కామెర్లు అంటాం. ఇంట్లో అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. రంగులు కలిపే చోట అలా కుదరదు. అందుకే మా ప్రెస్సులో ఆకుపచ్చ అనాలి, పసుపుపచ్చ అనాలి, వట్టి పచ్చ అనకూడదు. ఈ నియమం పెట్టింది నేనే.

మా ఇంకు గది నువ్వు చూశావు. కిటికీ, దాని కింద గాజుపలక, పక్కన గోడకు మేకు. మీ ఆయన ముందు బల్ల దగ్గర ఆర్డరు రాసుకుని, చీటీ తెచ్చి ఆ మేకుకు గుచ్చుతాడు. నేను చదివి రంగు కలుపుతాను. ఇరవై ఏడేళ్లుగా అదే పని. కత్తితో ఇంకు ముద్ద తీసి పలక మీద వెయ్యడం, ఇంకో రంగు గోరంత తీసి అందులో కలిపి నూరడం, వేలికొసతో కాగితం మీద తట్టి కిటికీ వెలుగులో పట్టి చూడటం. కొత్తలో ఒకసారి పసుపును కాస్త ముదురు చేద్దామని నలుపు చిటికెడు వేశాను. అది నల్లబడలేదు, ఆకుపచ్చగా తిరిగింది. ఎవరో నన్ను మోసం చేసినట్టనిపించింది. ఆ రోజంతా పనిమానేసి ఒక్కో పసుపులో నలుపు వేసి చూస్తూ కూర్చున్నాను. ఓనరు నాన్నగారు బతికున్న రోజులవి. తిట్టలేదు సరికదా, ఆ కాగితాలన్నీ గోడకి అంటించమన్నారు. ఇప్పటికీ ఉన్నాయి, అంచులు వంకర్లు తిరిగి.

మాకు ఒక మందుల కంపెనీ పని వస్తుంది. ఒకే మందు రెండు బలాల్లో చేస్తారు. తక్కువ బలం అట్టపెట్టెకు పసుపు పట్టీ, ఎక్కువ బలం దానికి ఆకుపచ్చ పట్టీ. పట్టీ వరకే మేము వేస్తాం, అక్షరాలు వాళ్ల దగ్గరే పడతాయి. ఏడు వారాల కిందట పసుపు పట్టీ పని వచ్చింది. మేము పంపిన సరుకంతా రెండో రోజు తిరిగొచ్చింది. పట్టీ ఆకుపచ్చగా ఉందట. అక్షరాలు పడకముందే వాళ్ల తనిఖీ మనిషి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. పట్టుకోకపోతే ఏమయ్యేదో నీకు నేను చెప్పక్కర్లేదు. పెట్టె రంగు చూసే చెయ్యి చాచేదానివి నువ్వు.

చీటీలో వట్టి పచ్చ అని ఉంది, పచ్చ అంటే ఆకుపచ్చ అనుకుని కలిపేశారు, తప్పు చీటీ రాసిన మనిషిది. ప్రెస్సులో అందరికీ తెలిసిన కథ ఇదే. ఓనరు మీ ఆయన్ని ముందు బల్ల దగ్గర్నుంచి తీసి గోడౌనులో కట్టలు కట్టే పనిలో వేశాడు. ఆ నోటా ఈ నోటా పడి నీదాకా వచ్చిందీ ఇదే.

ఇక్కడ ఆపుతాను చెల్లీ. వేళ్లు నొప్పెడుతున్నాయి. నిజానికి నొప్పి వేళ్లది కాదు. మిగతాది రాయాలంటే ముందు ఇంకో చోట ఒక పని చెయ్యాలి. అది చేశాకే రాస్తాను. చెయ్యకపోతే ఈ ఉత్తరం చింపేస్తాను.


మంగళవారం, సాయంత్రం

చింపలేదు.

ఆ చీటీ నేను చదివాను. అందులో వట్టి పచ్చ అని లేదు.

మీ ఆయన ఏనుగు అక్షరాలు నీకు తెలుసుగా, నాలుగు మాటలకే కాగితం నిండిపోతుంది. ఆ రోజు చీటీలో పై వరస చివర్న, కుడి అంచుకు తగులుతూ, పసుపు అని ఉంది. కింది వరసలో పచ్చ పట్టీ అని ఉంది. కలిపి చదివితే పసుపుపచ్చ పట్టీ. ఎలాంటి పొరపాటూ లేదు. నేను కలిపింది కూడా పసుపే. అంటే, పసుపనే అనుకున్నాను.

అది నిమ్మపండు పసుపు. నాకు కంఠతా వచ్చిన రంగు. పాత నమూనా సొరుగులోనే ఉంది, తీయలేదు. ఈ రంగు కళ్లు మూసుకుని కలుపుతానని ఎంతమంది దగ్గర గొప్పలు పోయానో! ఆ రోజు పలక మీది ముద్ద నాకు ముదురుగా, బాగా పండిన మామిడిపండులా కనిపించింది. దాన్ని చల్లబరచడానికి, అంటే లేత నిమ్మరంగు వైపు తిప్పడానికి, నీలం గోరంత వేశాను. ఇంకా ముదురుగానే ఉంది. ఇంకో గోరంత వేశాను. డబ్బాలో నీలం పాతబడి బలం తగ్గిందేమో అనుకుని ఇంకాస్త వేశాను. చివరికి నా తలలో ఉన్న నిమ్మపండు రంగు పలక మీదకు వచ్చింది. తృప్తిగా చెయ్యి తుడుచుకున్నాను.

మిషను ఎక్కించాక ఆపరేటరు ఒక షీటు పట్టుకుని వచ్చాడు. "అక్కా, కాస్త పచ్చగా లేదూ?" అన్నాడు.

"పచ్చగానే ఉండాలి, చీటీ చూసుకో" అన్నాను.

చూశావా? అతను అన్నది ఆకుపచ్చ, నేను విన్నది పసుపుపచ్చ. వట్టి పచ్చ అనకూడదని నియమం పెట్టినదాన్ని, ఆ మాటలోనే పడ్డాను. పైగా కసిరాను. "ఇరవై ఏడేళ్లుగా చూస్తోంది నా కళ్లా, నీ కళ్లా?" అన్నాను. పాపం, నోరు మూసుకుని వెళ్లి మిషను తిప్పేశాడు.

సరుకు తిరిగొచ్చిన రోజు ఓనరు ఒక షీటు తెచ్చి నా పలక మీద పడేసి, "ఇది పసుపా అమ్మా?" అని అరిచాడు. నేను చూశాను. నా కంటికి అది పసుపే చెల్లీ. అచ్చమైన నిమ్మపండు పసుపు. అవునందామని నోరు తెరిచాను. ఓనరు మొహం, వెనకాల ఆపరేటరు మొహం, గుమ్మంలో మీ ఆయన మొహం, అందరూ వేరే ఏదో చూస్తున్నారు. నేనొక్కదాన్నే ఇంకేదో చూస్తున్నాను. షీటు తీసి కిటికీ వెలుగులో పట్టి చూశాను, అప్పుడూ పసుపే.

మీ ఆయన నా మొహం చూశాడు. ఒక్క క్షణమే. తర్వాత మేకు దగ్గరకు వెళ్లి, మాకు వీపు పెట్టి చీటీ తీసి, ఓనరు చేతికిచ్చాడు. "తప్పు నాదే సార్. పచ్చ అని ఊరుకున్నాను. వదిన ఆకుపచ్చ అనుకున్నారు" అన్నాడు. చీటీ కుడివైపు మూల లేదు. చీటీలు మేకుకు గుచ్చినప్పుడు చిరగడం మామూలే, ఓనరు దాన్ని పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను. ఆ మూలలో ఏముండాలో నాకు తెలుసు. తెలిసి నోరు మెదపలేదు.

ఓనరు చాలా మాటలన్నాడు. పదిహేనేళ్ల మనిషిని అందరి ముందూ అనకూడని మాటలవి. మీ ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు. నేను కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పితే, ఎడమ చెప్పు అడుగున ఇంకుతో అంటుకుని ఒక కాగితం ముక్క ఉంది. పసుపు అని రాసి ఉంది. ఏనుగు అక్షరాలు.

ఆ తర్వాతి ఆదివారం ఏంచేశానో విను. పిల్లల రంగుల పెట్టె ఒకటి కొన్నాను. "మనవలకా అండీ?" అని కొట్టతను అడిగితే నాకే అన్నాను, నవ్వాడు. అట్టముక్క మీద తొమ్మిది గళ్లు గీసుకున్నాను. మొదటి గడిలో వట్టి పసుపు. రెండోదాంట్లో పసుపులో ఒక చుక్క నీలం. మూడోదాంట్లో రెండు చుక్కలు. అలా తొమ్మిదో గడిదాకా. ఆరాక గళ్లు కత్తిరించి, వెనకాల అంకెలు వేసి, పేక ముక్కల్లా కలిపేశాను. తర్వాత కంటితో చూసి వరసలో పేర్చాలి. పనిలో చేరిన కొత్తలో ఇది నాకు ఆట. తొమ్మిదేమిటి, ముప్పై ముక్కలిచ్చినా చకచకా పేర్చేదాన్ని. ఇప్పుడు పేర్చి, తిప్పి చూసుకున్నాను. మూడు, ఒకటి, నాలుగు, రెండు, ఆరు అని ఉంది. మళ్లీ కలిపాను, ఇంకో తప్పు వరస. ఎడమ కన్ను మూసుకుని ఒకసారి, కుడి కన్ను మూసుకుని ఒకసారి చూశాను. ఒక కంటికి అట్ట తెల్లగా ఉంది. రెండో కంటికి పాత పుస్తకంలో కాగితంలా ఉంది. టీ డికాషనులోంచి లోకాన్ని చూస్తున్నట్టు. ఏది నిజం రంగని ఎవర్ని అడగను? రంగు విషయంలో అందరూ వచ్చి నన్నే అడుగుతారు.

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. నా తెల్లచీరలు పసుపెక్కించావని ఆర్నెల్లుగా ఇస్త్రీ ఆయనతో పోట్లాడుతున్నాను. చివరికి అతను, "అమ్మా, ఇంకెక్కడైనా ఇచ్చుకోండి" అని మూట తిరిగిచ్చేశాడు. ఆయన దగ్గరకు కూడా ఒకసారి వెళ్లాలి.

మూడు వారాల కిందట డాక్టరుకి చూపించుకున్నాను. శుక్లాలు, రెండు కళ్లకూ. ఎడమది బాగా ముదిరిందట. మసకలు లేకపోయినా రంగు ముందే మారుతుందట, మెల్లగా మారుతుంది కాబట్టి మనిషికి తెలియదట. ఆపరేషను చేస్తే నీలాలు, తెలుపులు తిరిగొస్తాయన్నాడు. "కట్టు విప్పగానే ఆశ్చర్యపోతారు" అని సంతోషంగా చెప్పాడు. నాకు సంతోషం రాలేదు. ఇన్నాళ్లుగా నేను కలిపి పంపినవన్నీ ఎంత తప్పో ఆ రోజు కనిపిస్తుంది కదా అని భయం వేసింది. నీకు రాయకపోవడానికి కారణం అదే. నర్సువి, రాస్తే మర్నాడే తేదీ తీసుకోమంటావు. తేదీ తీసుకుంటే ప్రెస్సులో చెప్పాలి. చెప్తే మిగతాది కూడా బయటపడుతుంది.

అందుకని దొంగలా పనిచేశాను. ప్రతి రంగుకీ నమూనా పక్కన పెట్టుకుని, ఆపరేటర్ని పిలిచి, "ఓసారి నువ్వూ చూడు" అన్నాను. అక్క మర్యాద నేర్చుకుందని అతను అందరికీ చెప్పుకుని నవ్వుతున్నాడు. ఇక మీ ఆయన ప్రతి ఆదివారం ఎప్పటిలాగే నా ఇంటికి భోజనానికి వచ్చాడు. నడుం పట్టుకుని మెట్లెక్కుతాడు. తాడు లాగి లాగి అరచేతులు కాయలు కాశాయి. నేను వడ్డిస్తాను, తింటాడు, ఆ చీటీ మాట ఎత్తడు. ఏడు ఆదివారాలు. ఎత్తి నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. నిన్ను చదివించింది నేను, నీకు పెళ్లి చేసింది నేను, ఊళ్లో వాళ్ల తప్పులన్నీ మొహం మీద చెప్పేసే నోరు నాది. ఆ నోరు ఏడు వారాలు అన్నం తినడానికి తప్ప పనికిరాలేదు. సిగ్గుగా ఉంది చెల్లీ. ఇంకో మాట దొరకడం లేదు.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. నీ కోపమంతా ఆయన మీద, అది కూడా నేను చేసిన పనికి.

నిన్న పొద్దున ఓనరు గదిలోకి వెళ్లి ఆ ముక్క బల్ల మీద పెట్టాను. ఓనరు సొరుగులోంచి చీటీ తీశాడు, పక్కన పెట్టి చూశాడు. రెండు చిరుగులూ అతికినట్టు సరిపోయాయి. నేను అన్నీ చెప్పాను. నీలం గోరంత నుంచి డాక్టరు దాకా. అరుస్తాడనుకున్నాను. చీటీ మడిచి పక్కన పెట్టి, "మా నాన్న మీ కన్ను నమ్ముకునే ఈ ప్రెస్సు నడిపాడు కదమ్మా" అన్నాడు. అరిచినా అంత బాధ ఉండేది కాదు. తర్వాత మీ ఆయన్ని రేపట్నుంచి ముందు బల్ల దగ్గర కూర్చోమని కబురు పంపాడు. నన్ను మాత్రం ఇంకు గది తాళం ఇచ్చేయమన్నాడు. "ముందు ఆపరేషను చేయించుకోండి. తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ తర్వాత చూద్దాంలో ఏముందో నాకు తెలియదు, అడగలేదు. తేదీ తీసుకున్నాను, వచ్చే నెల పదో తారీకు. అప్పటిదాకా గోడౌనులో కట్టలు కడతాను. అక్కడ అన్నీ అట్టరంగే, నాలాంటిదానికి అనువైన చోటు.

తాళం ఇచ్చేసి గోడౌనుకు వెళ్లాను. మీ ఆయన నేల మీద కూర్చుని ఒక కట్టకు తాడు బిగిస్తున్నాడు. కబురు అప్పటికే అందింది. నన్ను చూసి, "ఆ ఒక్క ముక్క చింపడానికి నా గుండె ఎంత కొట్టుకుందో తెలుసా వదినా? హాయిగా తీసుకెళ్లి అతికించేశారు" అన్నాడు. ఏడు వారాల్లో నేను విన్న అతి పెద్ద వాక్యం అది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. కట్టల మీద కూర్చుని అక్కడే ఏడ్చాను. ఆయన కంగారుపడి, వెళ్లి టీ తెచ్చిచ్చాడు. వేడిగా ఉంది, పాపం, చల్లార్చడానికి ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోస్తూ నిలబడ్డాడు.

అప్పుడు అడిగాను. "ఎందుకు చేశావయ్యా అలా? నీ పదిహేనేళ్ల పేరు పోయింది కదా."

గ్లాసుల మీంచి చూపు తిప్పకుండా చెప్పాడు. "ఆ గది పోతే మీకేముంటుంది వదినా? నాకేం, నాకు మీ చెల్లెలుంది."

అంతే అన్నాడు. తాడు తీసుకుని, రేపట్నుంచి నేను వెయ్యాల్సిన ముడి ఎలా వెయ్యాలో చూపించాడు.

ఆ ముక్క ఓనరు దగ్గర అడిగి తెచ్చుకున్నాను. ఈ కాగితాల మధ్యన పెడుతున్నాను, పారేయకు. ఒక్క చీటీ సరిగ్గా రాయలేని మనిషి అన్నావు కదా. సరిగ్గానే రాశాడు. నువ్వు నిలదీసినా నా పేరు చెప్పకుండా, నీ కోపం కూడా ఆయనే మోశాడు.

సంతకం పెట్టమంటావా వద్దా అని అడిగావు. చిన్నప్పట్నుంచీ నీకు అన్నీ నేనే చెప్పాను, ఏ జడ వేసుకోవాలో కూడా. ఇది చెప్పే మొహం నాకు లేదు. నా మీద నీకు ఎంత కోపం వచ్చినా రానీ, నాకు నెల తర్వాత రాసినా సరే, అసలు రాయకపోయినా సరే. కాని "నాకు మీ చెల్లెలుంది" అని ఆయన అన్న మాట నిజమో కాదో నెలాఖరులోగా రాయి. నాకు కాదు, ఆయనకు.

ఇట్లు,
పచ్చ అనే మాట చాటున ఏడు వారాలు దాక్కున్న
నీ అక్క